తమోరాజు ఎవరు?

మా నాయన నా సినిమా పుస్తకాన్ని నీళ్ల పొయ్యిలో పెట్టింది శివరాత్రి అయిన మూడో రోజు. ఎనిమిదో తరగతి నుంచీ వారపత్రికల్లో బొమ్మలు కత్తిరించి, మైదాపిండి ఉడికించి అంటించి, కింద నా చేత్తో పేర్లు రాసుకున్న లావుపాటి పుస్తకం అది. ఆ పొద్దు కట్టెలు తడిసి ఉన్నాయి, ఆయన తలంటుకు నీళ్లు కాగలేదు. గూట్లో ఉన్న పుస్తకాన్ని తీసి పొయ్యిలోకి తోశాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి అట్ట కాలిపోయి లోపలి కాగితాలు ముడుచుకుంటున్నాయి. స్నానం ముగించి తల తుడుచుకుంటూ వచ్చి, "నీళ్లు బాగా కాగినాయి మ్మే. నీ బొమ్మలోళ్లు ఇన్నాళ్లకు ఒక పనికొచ్చినారు" అన్నాడు.

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయనకు పండగ. ఈయన్ను నలుగురూ చూసి నవ్వే రోజు ఒకటి రావాలి, దాన్ని నేనే తేవాలి అనుకున్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. చిత్తూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను.

నాయన పేరు ఏకాంబరం. మాది చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో గుండ్లమిట్ట. ఆయనకు రెండెకరాల చెరుకు తోట ఉండేది, ఇరవై ఏళ్లుగా ఊరి భారతంలో దుర్యోధనుడి వేషం ఉండేది. మా వైపు ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది నాళ్లు భారతం ఆడతారు. ఆఖరి రోజు పొద్దున పొలంలో ఇంటి పొడుగు దుర్యోధనుణ్ణి మట్టితో పడుకోబెట్టి, దాని చుట్టూ వేషగాళ్లు తరుముకుంటారు, భీముడు తొడ మీద కొడతాడు. ఏకాంబరం దుర్యోధనుడు నవ్వితే మైకు అక్కర్లేదని, రోడ్డవతలి ఊళ్లో పసిబిడ్డలు ఉలిక్కిపడతారని చెప్పుకునేవాళ్లు. ఆయనకు చదువు రాదు. వేలిముద్రే. పద్యాలన్నీ నోటిపాఠం.

ఇంటికొచ్చాక కిరీటం దించేవాడు గానీ దుర్యోధనుణ్ణి దించేవాడు కాదు. సంగటి మెత్తబడితే తట్ట తన్నేవాడు. మా అమ్మ దేవకమ్మ ఆయన ఎదుట కూర్చుని తినగా నేను చూడలేదు. ఆయన వేషం బాగుందని మా ఇంట్లో ఎవరమూ ఒక్కరోజు కూడా అనలేదు. ఊరంతా అంటున్నది చాలదా అనుకునేవాళ్లం.

ఆ ఏడాది, అంటే రెండు వేల మూడులో, కుర్రాళ్లందరి నోటా ఒకటే మాట. ఉల్కావీరుడు సినిమా. ఆకాశంలోంచి రాలిపడ్డ రాయి తగిలి మా హీరోకు ఎగిరే శక్తి వస్తుంది. దసరాకు విడుదల అన్నారు. పోస్టరులో హీరో పైన ఎగురుతుంటే కింద విలన్ వీపు మాత్రమే ఉండేది. బండరాయి లాంటి వీపు, ఉంగరాల చెయ్యి, మెడ మీద పడే జుట్టు. పేరు తమోరాజు అని వేశారు, ముఖం దాచేశారు. ఇంక చూడండి, చిత్తూరు బస్టాండులో నిస్సార్ భాయ్ అంగడి ముందు రోజూ కచేరీయే. నిస్సార్ భాయ్ ఒక పక్క పత్రికలు అమ్మేవాడు, ఇంకో పక్క ఎస్టీడీ బూత్ నడిపేవాడు. మా అన్న ధర్మేంద్ర ఆటో నడుపుతూ ఆ హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడుగా ఉండేవాడు. కాలేజీ వదిలాక అన్న ఆటో కోసం నేను అక్కడే నిలబడి అన్నీ వినేదాన్ని.

"బొంబాయోడే అప్పా. మనోళ్లల్లో అంత వీపు యాడుండాది?" అనేవాడు సునీల్‌కుమార్. అన్నకు కుడిభుజం వాడు.

"గాదురా. మనోడే డబల్ యాక్షన్. ఎడం భుజం దించినాడు సూడు, మనోడు గూడా అట్లనే గదా దించేది," అనేవాడు అన్న.

ఒకరోజు నిస్సార్ భాయ్ లెక్క తేల్చేశాడు. "అరే, ముఖం చూపలేదంటే ఏమర్థం? మనిషి ఇంకా దొరకలేదని అర్థం. ఎవురో లైట్ బాయ్‌ని తిప్పి నిలబెట్టి వీపు తీసినారు. విలన్ షూటింగ్ అంతా ముందరుండాది, రాసిపెట్టుకోండి."

ఆ మాట అందరికీ నచ్చింది. దొరకని మనిషి కోసం వెతకడం అంత సుఖం ఇంకోటి లేదు. ఆ వారమే ఒక సినిమా పత్రిక 'తమోరాజు ఎవరు? మీ ఊహ రాసి పంపండి' అని ప్రకటించింది.

ఆ రోజు సాయంత్రమే నేను ఉత్తరం రాశాను. "తమోరాజు వేషానికి తెరమీది వాళ్లెవరూ చాలరు. చిత్తూరు జిల్లా గుండ్లమిట్టలో ఏకాంబరం అనే దుర్యోధనుడు ఉన్నాడు. ఆయన నవ్వితే పాలిచ్చే ఆవులు తన్నుతాయి. ఆయన గడపలో కాలు పెడితే పిల్లి మంచం కిందికి దూరుతుంది. ఉల్కావీరుడు ఎంత ఎత్తున ఎగిరినా ఈయన ఒక్క చూపు చూస్తే కిందపడతాడు. పోస్టరులో ఉన్న వీపు కూడా ఆయనదేనని మా ఊరి నమ్మకం." కింద నా పేరు, ఇంటి చిరునామా రాసి, పేరు మాత్రం ప్రచురించవద్దని కోరాను. రాస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఇది అచ్చయితే బస్టాండులో ఒకడు చదివి ఇంకొకడికి చెప్పి, నాయన సంతకు పోయినప్పుడు పిల్లి కూత కూస్తారని నా ఆశ.

అచ్చయింది. రెండు గురువారాల తరువాత అన్న పత్రిక పట్టుకుని ఆటోను నేరుగా మా అరుగు దాకా తెచ్చాడు. నాయన అరుగు మీద ఇద్దరు ముగ్గురితో కూర్చుని ఉన్నాడు. అన్న గొంతెత్తి చదివాడు. నేను తలుపు వెనక నిలబడి నవ్వుల కోసం చెవులు నిక్కించాను. ఆవుల దగ్గర అందరూ నవ్వారు. పిల్లి దగ్గర ఇంకా నవ్వారు. నాయన నవ్వలేదు.

"ఇంకోసారి సదువు," అన్నాడు.

అన్న మళ్లీ చదివాడు.

"ఎవురు రాసిండేది?"

"పేరెయ్యలే నాయనా. మన జిల్లా వాళ్లే. పోయిన చలికాలం తలకోనకు షూటింగోళ్లు వచ్చింటిరి గదా, వాళ్లెవురన్నా నీ నవ్వు వినింటారు. వాళ్లే రాయించినారేమో," అన్నాడు అన్న. వాడికి అబద్ధం ఆడుతున్నానన్న ఎరుక కూడా లేదు. నోట్లోకి వచ్చింది, అన్నాడు. అభిమాన సంఘం నడిచేదే అలాంటి మాటల మీద.

నాయన పత్రిక తీసుకుని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బాణం గురి తప్పలేదు, తగిలి పువ్వయింది.

వారం తిరక్కుండానే సునీల్‌కుమార్, ఇంకో పదిమంది కుర్రాళ్లు దండతో వచ్చారు. సగం ఎగతాళి, సగం నిజం. "తమోరాజు మామకూ జై!" అని అరిచారు. నాయన దండ వేయించుకున్నాడు, తియ్యలేదు. వాడిపోయేదాకా వేసుకునే తిరిగాడు. చెరుకు తోటకు నీళ్లు కట్టడానికి కూడా దండతోనే పోయాడు.

అప్పటినుంచి ఆయన మారిపోయాడు. సంగటి ఎలా ఉన్నా తినేవాడు. నేను కాలేజీ నుంచి వస్తే, "మ్మే, బువ్వ తిన్నావా?" అని అడిగేవాడు. పంతొమ్మిదేళ్లలో అడగని ప్రశ్న. నాకు జాలి కలగలేదు. మంచితనం కూడా వేషంలాగే తగిలించుకున్నాడు అనుకున్నాను.

ఒక ఆదివారం అరుగు మీద నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ హీరో ఎగురుతాడంట గదా. ఎగిరేవోణ్ణి నేనెట్ల కొట్టేది?"

"నువ్వు గూడా ఎగురుతావేమో నాయనా. నడుముకు తాడు కట్టి లాగుతారు."

"తాడా?" తల అడ్డంగా ఊపాడు. "దుర్యోధనుడు భూమి మీద నిలబడేవోడు మ్మే. కాలు ఎత్తితే పోయినాడు. వాణ్ణే కిందికి రమ్మని చెప్పల్ల." మళ్లీ, "కడాన సస్తాడా తమోరాజు?" అని అడిగాడు.

"విలన్ కదా నాయనా."

"సావనీలే. సావడం నాకు బాగొస్తాది," అన్నాడు.

మరునాడు చిత్తూరు నుంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చి, నా సినిమా పుస్తకం ఉండిన గూట్లోనే పెట్టాడు. నేను దాని కాగితాలు చింపి పొయ్యి అంటించాను. ఆయన చూస్తుండగానే అంటించాను. చూసి, కండువా దులుపుకుని బయటికి పోయాడు.

ఉగాది వెళ్లిన పదో నాడు ధర్మకర్త రామచంద్ర నాయుడు, ఇంకో ఇద్దరు పెద్దలు తాంబూలం తట్టతో మా ఇంటికి వచ్చారు. మా ఊళ్లో పద్ధతి ఇది. భారతం వేషగాడు తాంబూలం అందుకుంటే ఆ రోజు నుంచి దుర్యోధన వధ ముగిసేదాకా పొలిమేర దాటకూడదు. తాంబూలం వద్దన్నవాడికి మళ్లీ ఆ గుడి తాంబూలం రాదు, ఆ వేషం ఇంకొకరి ఇంటికి పోతుంది. ఇరవై ఏళ్లుగా నాయన లేచి నిలబడి రెండు చేతులా అందుకునేవాడు. ఆ పూట కూర్చునే ఉన్నాడు.

"ఏమబ్బా ఏకాంబరం, లెయ్యి. మంచి గడియ దాటిపోతాది," అన్నాడు రామచంద్ర నాయుడు.

"ఒక మాటన్నా. నడమ పిలుపొస్తే నన్ను పోనిస్తారా?"

"యాడికి పిలుపు?"

"సినిమాకు."

పెద్దల్లో ఒకాయన నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. రామచంద్ర నాయుడు మాత్రం నవ్వలేదు. "ధర్మరాజు కాడ బేరం లేదు ఏకాంబరం. తీసుకుంటే ఈడనే ఉండల్ల. నువ్వొద్దంటే నీ శిష్యుడు ధనంజయ ఇంటికి పోతాం. ఆలోచించుకో. వేషం పోతే మళ్లీ రాదు."

వంటింట్లో అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిల్లి మంచం కిందికి దూరేది మనింట్లోనే గదా మ్మే," అంది మెల్లగా. "పొయ్యి చెప్పు. ఊరికే రాసినానని ఇప్పుడన్నా చెప్పు. ఆ వేషం పోతే ఈ మనిషి ఉండడు."

నేను చెంబుతో నీళ్లు తీసుకుని పెద్దలకు ఇవ్వడానికి బయటికి వచ్చాను. నాయన తలెత్తి నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకూ నీళ్లు కావాలేమో అనుకుని చెంబు చాపాను. ఆయన తీసుకోలేదు.

"ధనంజయకే ఇయ్యన్నా. పిల్లోడు బాగా చేస్తాడు," అన్నాడు.

పెద్దలు లేచారు. తమలపాకు ఒక్కటీ కదలకుండా తట్ట వెనక్కి వెళ్లిపోయింది. నేను చెంబు లోపల పెట్టి, కాలేజీకి వేళయిందని జడ వేసుకున్నాను.

పిలుపు రాలేదు. ఏప్రిల్ ఎండల్లో నాయన రోజూ బస్సెక్కి చిత్తూరు పోయి, నిస్సార్ భాయ్ అంగడి ముందు బల్ల మీద కూర్చునేవాడు. ఫోను మోగితే లేచేవాడు. కుర్రాళ్లకు అంతకంటే తమాషా ఏం కావాలి?

నా పరీక్షలు అయిపోయిన రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. నిస్సార్ భాయ్ రిసీవరు చేత్తో మూసి, "ఏకాంబరం, మద్రాసు నుంచి నీకే" అన్నాడు. నిస్సార్ భాయ్ ముఖం చూస్తే ఆయనా నిజమనే నమ్మినట్టు ఉంది. నాయన బూత్‌లోకి పోయి రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను రోడ్డు అవతల చూశాను. ఎదురుగా ఇంకో ఎస్టీడీ బూత్ ఉంది. అద్దం తలుపు వెనక సునీల్‌కుమార్ ఫోను పట్టుకుని ఉన్నాడు. వాడి వెనక నలుగురు నోళ్లు మూసుకుని వంగిపోతున్నారు. వాళ్లలో మా అన్న ఉన్నాడు.

"సరే సార్," అన్నాడు నాయన. "నవ్వాల్నా? ఫోన్లోనా? సరే సార్."

నవ్వాడు. బూత్ అద్దాలు అదిరాయి. బస్సు దిగుతున్న వాళ్లు ఆగిపోయారు.

"ఇంగా గట్టిగానా? సరే సార్."

మళ్లీ నవ్వాడు. మళ్లీ. ఏడుసార్లు నవ్వించారు. అద్దం వెనక ఆయన మెడ నరాలు ఉబ్బాయి, చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఎనిమిదోసారికి నవ్వు దగ్గులోకి దిగింది. "సార్, ఒక్క నిమిషం సార్, గొంతు తడుపుకొని నవ్వుతా," అని ఆయన బతిమాలుతుంటే అవతల ఫోను పెట్టేశారు. ఆయన అది తెలియక, ఖాళీ ఫోనులోకి ఇంకోసారి నవ్వాడు.

బయటికి వచ్చి నన్ను చూసి, "విన్యావా మ్మే? వాళ్లకు నచ్చినట్టే ఉండాది" అన్నాడు. నేను రోడ్డవతలికి వేలెత్తి చూపలేదు. చూపితే మొదటి నుంచీ చెప్పాలి. నాకు ధైర్యం లేదు, అంతే. ఇన్నేళ్లయినా దానికి ఇంకో మంచి పేరు పెట్టలేకపోయాను.

దసరాకు అన్న సినిమాను మే మూడో వారంలోనే వదిలారు. విలన్ భాగమంతా ఎప్పుడో రహస్యంగా చిత్రీకరించేశారని పత్రికలు రాశాయి. అప్పటికి ఊళ్లో భారతం మొదలై పదకొండో నాడు. ధనంజయ కంకణం కట్టుకుని దుర్యోధనుడు ఆడుతున్నాడు. నాయన గుడి వైపు పోవడం మానేశాడు. సినిమా మొదటి రోజు పొద్దుటి ఆటకు మాత్రం, "పా మ్మే, సూసొద్దాం. ఎవుడో వాడు," అని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

హాల్లో కాగితాలు, ఈలలు, కొబ్బరికాయలు. విశ్రాంతికి ముందు తమోరాజు సింహాసనం మీదినుంచి లేచి మెల్లగా ఇటు తిరిగాడు. కోలముఖం, పిల్లి కళ్లు, బొంబాయి మనిషి. పత్రికలు చెప్పిన పేర్లలో ఒక్కటీ కాదు. ఒక్క క్షణం హాలు సద్దుమణిగింది. ఆ సందులో నేల టికెట్టు నుంచి ఎవడో, "మా ఏకాంబరం యాడప్పా?" అని అరిచాడు. అభిమాన సంఘం వాళ్లందరూ ఒకేసారి నవ్వారు. "ఏకాంబరం! ఏకాంబరం!" అని చప్పట్లు మొదలయ్యాయి. మా ముందు వరుసలో ఉన్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఒకామె తన బిడ్డకు వేలుపెట్టి చూపించింది.

నేను కోరుకున్న రోజు ఇదే. నలుగురు కాదు, నాలుగు వందల మంది నవ్వారు. నేను తల వంచుకుని నా చెప్పులు చూస్తూ కూర్చున్నాను.

నాయన లేచి పోలేదు. ఆఖరిదాకా కూర్చున్నాడు. తమోరాజు మంటల్లో పడి చచ్చాక నా చెవి దగ్గరికి వంగి, "వాడికి సావడం రాలే మ్మే," అన్నాడు.

దుర్యోధన వధ రోజు పొద్దున ఊరంతా పొలంలో ఉంది. మట్టి దుర్యోధనుడు ఆకాశం వైపు గుడ్లు తెరిచి పడుకుని ఉన్నాడు. ధనంజయ బొమ్మ గుండె మీద నిలబడి నవ్వాలి. నవ్వాడు. మైకు ఉన్నా గొంతు అందలేదు. జనం గొణిగారు. ఎవరో, "ఒరే, ఏకాంబరాన్ని పిలవండప్పా, నవ్వు ఒకటి అప్పిస్తాడు" అన్నారు. ఆడవాళ్లు కూడా నవ్వారు. నాయన గుంపు వెనక కండువా తలకు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ధనంజయ చూసి, బొమ్మ దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన కాళ్లకు మొక్కాడు. "అన్నా, ఒక్కసారి నువ్వు నవ్వు. నేను పెదాలు ఆడిస్తా," అన్నాడు. వాడు భక్తితోనే అడిగాడు. రామచంద్ర నాయుడు ఎవరినీ అడగకుండా మైకు తెచ్చి నాయన నోటి దగ్గర పెట్టాడు.

నాయన నోరు తెరిచాడు. గాలి వచ్చింది. ఇంకోసారి తెరిచాడు. బూత్‌లో పోయిన గొంతు నెల దాటినా తిరిగి రాలేదని ఇంట్లో మాకు కూడా అప్పుడే తెలిసింది. మైకులో ఆయన ఊపిరి పొలమంతా వినపడింది. రామచంద్ర నాయుడు మైకు తీసేసుకున్నాడు. అక్కడ భీముడు తొందరపడి తొడ మీద కొట్టేశాడు, తొడలో దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు చిమ్మాయి, ఇంటికి మంచిదని ఆడవాళ్లు ఆ మట్టి కోసం ఎగబడ్డారు. ఎవరూ నాయన వైపు చూడలేదు.

ఇంటికొచ్చి ఆయన వేషం పెట్టె తెరిచాడు. ధనంజయకు ఇచ్చేస్తాడేమో అనుకున్నాను. కిరీటం కింద నుంచి ఒక పత్రిక తీసి నా ముందు పెట్టాడు. నా ఉత్తరం పడిన సంచికే. చుట్టిన కాగితం కూడా దాచి ఉంచాడు. దాని మీద టైపులో నా పేరు, మా ఇంటి చిరునామా.

"నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు పోస్టు నారాయణ తెచ్చిచ్చినాడు. మీ పాప పేరు మీద వచ్చిండాది, రాసినోళ్లకు ఊరకే పంపుతారంట అని చెప్పినాడు," అన్నాడు నాయన. గొంతు గరగరమంటోంది. "అప్పుడే తెలిసింది నువ్వే రాసినావని."

నేను ఆ చుట్టు కాగితాన్ని మడతపెట్టసాగాను.

"ఇరవై ఏండ్లు ఆడినా మ్మే. ఊరు ఊరంతా అనింది. ఇంట్లో ఒక్కరన్నా బాగుందనలే. నా బిడ్డ సూస్తా ఉండాది, నన్ను అంత పెద్దోణ్ణిగా సూస్తా ఉండాది అనుకున్యా. ఆ పొద్దు తాంబూలం తట్ట ముందర గూడా నీ మొకమే సూసినా. నువ్వు ఏమనలే. సరే, నా బిడ్డకు అంత నమ్మకం ఉంటే నేనెందుకు నమ్మకూడదు అనుకున్యా." పత్రిక మీద దుమ్ము లేకపోయినా చేత్తో తుడిచాడు. "రెండో భాగం గూడా తీస్తారంట. ధర్మేంద్ర చెప్పినాడు. ఇంకొకటి రాయి."

ఎగతాళికి రాశాను నాయనా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింటి గడపలో అమ్మ నిలబడి ఉంది. ఆ పొద్దు చెప్పు చెప్పు అని నా చెయ్యి పట్టుకున్న మనిషి, ఇప్పుడు నన్ను మింగేసేలా చూసింది.

"రాయి," అంది. "నోరు మూసుకొని రాయి."

కాగితం, పెన్ను తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన నా చేతి వైపు చూస్తూ కూర్చున్నాడు, ఒక్కొక్క వరుస నిండుతుంటే తల ఊపుతూ. నేను ఇలా రాశాను. "అయ్యా, గుండ్లమిట్ట ఏకాంబరం గారి గురించి ఇదివరకు రాసినది నేనే. అది నిజం కాదు. ఆయన్ను నవ్వులపాలు చేయాలని రాశాను. దయచేసి ఆయన పేరు మీ పత్రికలో మళ్లీ ఎప్పుడూ వేయకండి. ఈ ఉత్తరం కూడా వేయకండి."

"బాగా రాసినావా?" అని అడిగాడు.

"బాగా రాసినా నాయనా."

కవరు ఆయనే నాలుకతో తడిపి అంటించాడు. ఆయనే పోయి డబ్బాలో వేసి వచ్చాడు.

పత్రికవాళ్లు నా మాట మన్నించారు. రెండో భాగం ఎవరూ తీయలేదు. నాయన మాత్రం ప్రతి గురువారం చిత్తూరు పోయి పత్రిక కొనుక్కొచ్చి నా ఒళ్లో పెట్టేవాడు. "పడిందేమో సూడు మ్మే," అనేవాడు. ఆయన చూస్తుండగా నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్కటీ తిప్పి వెతికేదాన్ని.